బేస్ పొడవు మారిస్తే మోడల్ అంతా ఎర్రగా అయిపోతోంది, క్లాసులో చూస్తూ చేస్తే మాత్రం బాగానే వస్తోంది

మెక్_రెండోఏడు:
అందరికీ నమస్తే. నేను డిప్లొమా మెకానికల్ రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో మాకు సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) మీద క్యాడ్ ల్యాబ్ ఉంది. మేడం ప్రొజెక్టర్ మీద ఒక్కో కమాండ్ చేసి చూపిస్తారు, ఆవిడతో పాటే చేసుకుంటూ పోతే అన్నీ కుదురుతున్నాయి. కానీ డ్రాయింగ్ చేతికిచ్చి నువ్వే చెయ్ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదు, ఎలాగో చేసినా అది నిలబడట్లేదు.

పోయిన వారం 6204 బేరింగ్‌కి హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూడు) ఇచ్చారు, కొలతలన్నీ మి.మీ.లో. కింద బేస్ 150 × 50 × 12, మధ్యలో వెబ్ (నిలువు పలక), పైన 70 డయా బాస్ (గుండ్రటి దిమ్మ), అందులో బేరింగ్ కూర్చునే 47 బోర్, సెంటర్ ఎత్తు కింద నుంచి 60, రెండు పక్కలా రిబ్‌లు (బలానికి ఇచ్చే పలకలు), బేస్‌లో ఎం10 బోల్టులకి 120 దూరంలో రెండు హోల్స్. చేశాను, చూడ్డానికి డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంది. తర్వాత మేడం వచ్చి "పొడవు 180 చెయ్యి" అన్నారు. 150 మీద డబుల్ క్లిక్ చేసి 180 కొట్టగానే బేస్ ఒక పక్కకే సాగింది, బాస్ మధ్యలో లేకుండా పోయింది, హోల్స్ ఎడమ వైపే ఉండిపోయాయి, ఒక రిబ్ మాయం, ఫీచర్ ట్రీలో (మోడల్ చేసిన అంచెల జాబితాలో) ఎర్ర గుర్తులు వరసగా. డ్రాయింగ్‌లో ఉన్న కొలతలన్నీ ఇచ్చాను కదా, మరి ఎందుకిలా? ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్‌లో కూడా ఇలాగే ఒక కొలత మార్చమంటారట, అందుకే టెన్షన్. ఇంట్లో ప్రాక్టీస్‌కి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో కూడా చెప్పండి, మా ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌కి ఇద్దరం.

---

టూల్‌రూమ్_బాలానగర్:
చెల్లీ, మేడం 180 చెయ్యమన్నప్పుడు ఆవిడని ఒక మాట అడగాల్సింది. పొడవు పెరిగితే బోల్టు హోల్స్ కూడా జరగాలా, 120 దగ్గరే ఉండాలా? ఈ హౌసింగ్ ఏదో మెషిన్ బెడ్ మీద కూర్చుంటుంది, అక్కడ ఇప్పటికే 120 దూరంలో ట్యాప్ చేసిన (లోపల మర కోసిన) హోల్స్ ఉంటే నువ్వు బేస్ ఎంత పెంచినా ఆ 120 కదలకూడదు. అలా కాకుండా బెడ్ కూడా నువ్వే డిజైన్ చేస్తున్నావు, అంచు నుంచి హోల్ సెంటర్‌కి 15 ఉంటే చాలు అనుకుంటే, అప్పుడు హోల్స్ అంచుతో పాటు జరగాలి. రెండు మోడళ్ళూ 150 దగ్గర అచ్చం ఒకేలా కనిపిస్తాయి, 180 కొట్టినప్పుడే తేడా బయటపడుతుంది. ఇందులో ఏది కావాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, నువ్వు కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి ఇచ్చావో దాన్నే అది నమ్ముతుంది. డ్రాయింగ్‌లోని అంకెలన్నీ ఎక్కించావు సరే, ఏది దేన్ని పట్టుకుని ఉండాలో చెప్పలేదు.

నువ్వు బేస్ స్కెచ్‌ని ఎడమ మూలతో ఆరిజిన్ (సున్నా బిందువు) దగ్గర మొదలుపెట్టి ఉంటావు, బాస్‌కి ఎడమ అంచు నుంచి 75 ఇచ్చి ఉంటావు. 180 అయితే మధ్య 90 దగ్గర కదా, నీ 75 మాత్రం 75 గానే ఉంది. సెంటర్ రెక్టాంగిల్ తీసుకుని దాని మధ్య బిందువుని ఆరిజిన్ మీద పెట్టు, పొడవు రెండు వైపులా సమానంగా పెరుగుతుంది. బాస్ స్కెచ్ సెంటర్ ఆరిజిన్‌కి సరిగ్గా పైన, నిలువు రిలేషన్‌తో ఉండాలి, ఎత్తు 60 బేస్ అడుగు నుంచి ఇవ్వు. ఎక్స్‌ట్రూడ్ చేసేటప్పుడు మిడ్ ప్లేన్ పెడితే మందం కూడా రెండు పక్కలా సమానంగా వస్తుంది. ఒక హోల్ వేసి రైట్ ప్లేన్ మీద మిర్రర్ చెయ్యి, ఒక రిబ్ వేసి అదీ మిర్రర్ చెయ్యి.

స్కెచ్ నీలంగా ఉండగా బయటికి రావద్దు, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. నీలం అంటే ఇంకా కదిలే అవకాశం ఉంది, నలుపు అంటే పూర్తిగా బిగిసింది. లెక్క తేలికే. రెక్టాంగిల్‌కి నాలుగు మూలలు, ఒక్కో మూల అడ్డంగానూ నిలువుగానూ కదలగలదు కాబట్టి మొత్తం ఎనిమిది కదలికలు. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు అని రిలేషన్ పడగానే నాలుగు పోతాయి. పొడవు, వెడల్పు ఇస్తే ఇంకో రెండు. మిగిలిన రెండూ అది కాగితం మీద ఎక్కడ ఉంది అనేవి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది వీటినే. సర్కిల్‌కి మూడే: సెంటర్‌కి రెండు, వ్యాసానికి ఒకటి. ఏది కదులుతోందో తెలియకపోతే మౌస్‌తో పట్టుకుని లాగి చూడు, వదులుగా ఉన్నదే కదులుతుంది.

ఇక ఆ రిబ్. చాలావరకు అది ఫిల్లెట్ (మూలని గుండ్రంగా చేసే వంపు) అంచుని పట్టుకుని గీసి ఉంటావు. పొడవు మారగానే ఫిల్లెట్ మళ్ళీ లెక్క కట్టుకుంది, పాత అంచు పోయింది, దాన్ని పట్టుకున్న స్కెచ్ గాల్లో మిగిలింది. అందుకే స్కెచ్‌లు వీలైనంతవరకు ప్లేన్లకీ ఆరిజిన్‌కీ కట్టాలి, ఫిల్లెట్లు, చాంఫర్లు (ఏటవాలుగా కోసిన అంచులు) చివర్లో వెయ్యాలి. పరీక్షకి వెళ్ళేముందు ఒక పని చెయ్యి: ఫిల్లెట్లన్నీ సప్రెస్ చేసి (తాత్కాలికంగా ఆపి) చూడు, ఇంకేదీ ఎర్రబడకూడదు. ఎర్రబడిందంటే ఏదో ఫీచర్ ఫిల్లెట్ మీద ఆధారపడి ఉన్నట్టు.

---

ల్యాబ్_మేడం:
నేను పాలిటెక్నిక్‌లోనే ఈ ల్యాబ్ చెప్తాను కాబట్టి అటువైపు నుంచి రెండు మాటలు. మీ మేడం పొడవు మార్చమనడం చాలా మంచి పని, చాలాచోట్ల బొమ్మ కనిపిస్తే మార్కులు వేసేస్తారు. పిల్లలు నా వెనకే క్లిక్ చేస్తూ వస్తారు, వాళ్ళ కళ్ళు మెనూ మీదే ఉంటాయి, డ్రాయింగ్ మీద ఉండవు. అందుకే మొదటి అరగంట సిస్టమ్ ఆన్ చెయ్యనివ్వను. కాగితం మీద ఏ ఫీచర్ ముందు, ఏది తర్వాత, ఏది ఏ ప్లేన్ మీద అని రాసి చూపిస్తేనే మౌస్ ముట్టుకోవాలి. ఇద్దరికి ఒక సిస్టమ్ అన్నావు కదా, ఒకరు చేస్తుంటే రెండోవాళ్ళు ఈ పని చేసుకోవచ్చు, ఖాళీగా కూర్చోనక్కర్లేదు.

డ్రాయింగ్ చదవడంలో ఒక జాగ్రత్త. మన దగ్గర ఫస్ట్ యాంగిల్, అంటే టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది, కుడి నుంచి చూసింది ఎడమ పక్కన పడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే ప్రాక్టీస్ డ్రాయింగ్‌లలో చాలావరకు అమెరికా పద్ధతి, థర్డ్ యాంగిల్, అక్కడ టాప్ వ్యూ పైనే ఉంటుంది. టైటిల్ బ్లాక్‌లో కోసిన శంకువు గుర్తు చూడకుండా మొదలుపెడితే రిబ్ తప్పు పక్కన వస్తుంది. హౌసింగ్ లాంటివి రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి తెలియదు, బ్రాకెట్ ఇస్తే దొరికిపోతారు. నువ్వు డ్రాయింగ్ తీసేటప్పుడు కూడా షీట్ ప్రాపర్టీస్‌లో ఏ యాంగిల్ ఉందో చూసుకో.

చేసింది సరిగ్గా ఉందో లేదో ఎవరినీ అడగకుండా తెలుసుకోవాలంటే బరువు చూడు. నీ బేస్ ఒక్కటే తీసుకుందాం. 150 × 50 × 12 అంటే 90 ఘన సెంటీమీటర్లు, కాస్ట్ ఐరన్ 7.2 వేసుకుంటే 648 గ్రాములు. మాస్ ప్రాపర్టీస్‌లో 90 గ్రాములు చూపిస్తే మెటీరియల్ పెట్టలేదని అర్థం, ఏదీ పెట్టకపోతే అది నీళ్ళ సాంద్రతే తీసుకుంటుంది. సాలిడ్‌వర్క్స్ వాళ్ళ సీఎస్‌డబ్ల్యూఏ సర్టిఫికేట్ పరీక్షలో కూడా మోడల్ చేసి దాని బరువు ఎంతో చెప్పమనే ప్రశ్నలే ఎక్కువ, ఆ తర్వాత కొలతలు మార్చి మళ్ళీ బరువు అడుగుతారు. అంటే నీకు ఇప్పుడు వచ్చిన సమస్యే అక్కడ పరీక్ష.

---

ఆటోనగర్_లేత్:
బెజవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు, రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్. ఈ మధ్య కుర్రాళ్ళు ప్రాజెక్ట్ అని కలర్ ప్రింట్లు పట్టుకొస్తున్నారు, త్రీడీ బొమ్మ తళతళలాడుతూ ఉంటుంది, కొలతలు చూస్తే 47 అని ఉంటుంది అంతే. 47 అంటే ఎంత బాబూ? మీ కంప్యూటర్‌లో అది ఎప్పుడూ నిఖార్సుగా 47, నా టూల్ అలా కొయ్యదు. బేరింగ్ బయటి రింగు 47 కంటే 11 మైక్రాన్ల దాకా తక్కువ ఉండొచ్చు, ఎక్కువ ఉండదు. హౌసింగ్‌కి హెచ్7 (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు) అని రాస్తే 47.000 నుంచి 47.025 లోపల కొట్టిస్తా, బేరింగ్ చేత్తో నొక్కితే దిగుతుంది. షాఫ్ట్ 20కి కె6 రాస్తే 20.002 నుంచి 20.015, లోపలి రింగు బిగుతుగా ఎక్కుతుంది. ఆ రెండు అక్షరాలు రాయకుండా వచ్చి తర్వాత బేరింగ్ తిరిగిపోతోంది అంటే నేనేం చేసేది.

ఇంకోటి. గూడు చివర షోల్డర్ (బేరింగ్ ఆనుకునే మెట్టు) దగ్గర లోపలి మూలకి చాలామంది అందం కోసం 2 రేడియస్ పెడతారు. 6204కి అక్కడ 1 దాటకూడదు, దాటితే బేరింగ్ మూల ఆ రేడియస్ మీద ఎక్కి ఆగిపోతుంది, షోల్డర్‌ని తాకదు. అలాగే మిల్లింగ్ చేసే పాకెట్‌కి లోపలి మూలలు కత్తిలా 90 డిగ్రీలు గియ్యొద్దు, ఎండ్ మిల్ గుండ్రంగా ఉంటుంది, దాని రేడియస్ అక్కడ మిగులుతుంది. నీ బేస్ హోల్స్ ఎం10 బోల్టు దూరిపోవడానికి అయితే 11, ట్యాప్ చెయ్యడానికి అయితే 8.5 డ్రిల్. 10 అని రాసుకొస్తే రెండిటికీ పనికిరాదు.

---

మెక్_రెండోఏడు:
అయ్యో, నేను నిజంగానే 10 పెట్టాను, షోల్డర్ దగ్గర 2 రేడియస్ కూడా. మీరు మా ల్యాబ్‌లో కూర్చుని చూస్తున్నట్టు చెప్పారు బాబాయ్. థ్రెడ్‌లు కూడా నిజంగా గియ్యాలా మరి? మా ఫ్రెండ్ బోల్టుకి హెలిక్స్ వేసి కట్ చేశాడు, సిస్టమ్ కదలకుండా కూర్చుంది.

---

టూల్‌రూమ్_బాలానగర్:
వద్దు. హోల్ విజార్డ్‌లో ఎం10 ట్యాప్డ్ అని ఎంచుకుంటే డ్రిల్ సైజు అదే పెడుతుంది, థ్రెడ్‌ని గుర్తుగా చూపిస్తుంది, డ్రాయింగ్‌లో నోట్ కూడా సరిగ్గా వస్తుంది. త్రీడీ ప్రింట్ చేసి నిజంగా బిగించాలంటే తప్ప హెలిక్స్ అక్కర్లేదు.

---

పుణే_డిజైనర్:
ఆలస్యంగా చూశాను. బాలానగర్ అన్న చెప్పినదాంట్లో ఒక్కదానితో ఒప్పుకోను: ఫిల్లెట్లు చివర్లోనే అనే నియమం. మెషినింగ్ భాగాలకి సరే. నేను కార్ల ప్లాస్టిక్ భాగాలు చేస్తాను, అక్కడ పెద్ద ఫిల్లెట్లు ముందు వేసి ఆ తర్వాత షెల్ కొడతాం, అంటే లోపల డొల్ల చేసి పలచని గోడ ఉంచుతాం. అప్పుడే లోపలి వంపు కూడా దానంతట అదే వస్తుంది, గోడ మందం అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. షెల్ చేశాక బయట ఫిల్లెట్ వేస్తే ఆ మూలలో గోడ పలచబడుతుంది, రేడియస్ పెద్దదైతే చిల్లు కూడా పడుతుంది. డ్రాఫ్ట్ (అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి ఇచ్చే వాలు) కూడా ఫిల్లెట్ కంటే ముందే ఇవ్వాలి. అంటే ఆ భాగాన్ని ఎలా తయారు చేస్తారో దాన్ని బట్టి ట్రీ వరస మారుతుంది. నీ హౌసింగ్‌కి మాత్రం ఆయన చెప్పిందే పాటించు.

సాఫ్ట్‌వేర్ సంగతి. ల్యాబ్‌లో ఏది ఉంటే దాన్నే బాగా నేర్చుకో, అమీర్‌పేటలో ఒకేసారి నాలుగు ప్యాకేజీలు అని బోర్డులు చూసి కంగారుపడొద్దు. కొలతలతో, రిలేషన్లతో నడిచే ఈ పద్ధతికి మూలం 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉంది. ఫీచర్ ట్రీ పద్ధతిని 1980ల చివర్లో ప్రో ఇంజినీర్ మార్కెట్లోకి తెచ్చింది, ఇప్పుడు దాని పేరు క్రియో. 1995లో సాలిడ్‌వర్క్స్ అదే పద్ధతిని మామూలు విండోస్ కంప్యూటర్ మీదికి తెచ్చింది, 1997లో దాన్ని క్యాటియా వాళ్ళే, అంటే డసో సిస్టమ్స్ కొనేశారు. బటన్లు వేరు, స్కెచ్, ప్లేన్, ఎక్స్‌ట్రూడ్, మేట్ (పార్ట్‌లని కలిపే బంధం) అన్నిట్లోనూ ఒకటే. ఒకదాంట్లో మోడల్ విరగకుండా చెయ్యడం వస్తే రెండోది త్వరగానే పట్టుబడుతుంది. ఇంటర్వ్యూల్లో నేను అడిగేది కూడా అదే, అభ్యర్థి మోడల్ తెరిచి ఒక కొలత మారుస్తాను. సర్టిఫికెట్లు అన్నీ ఉన్నవాళ్ళు అక్కడ తడబడటం చూశాను.

ఇంట్లోకి పగులగొట్టిన కాపీలు ఎక్కించొద్దు, వైరస్ సంగతి అటుంచితే రేపు ఉద్యోగంలో అదే అలవాటు కంపెనీ మీదికి నోటీసు తెస్తుంది. ఫ్యూజన్ విద్యార్థులకి ఉచితం, కాలేజీ ఐడీతో అడగాలి. ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత ఖాతాలో నువ్వు చేసింది అందరికీ కనిపిస్తుంది, హౌసింగ్ లాంటి అభ్యాసానికి దాంతో నష్టమేం లేదు. నెట్ సరిగ్గా లేని ఊరైతే ఫ్రీక్యాడ్ పెట్టుకో. అందులో స్కెచ్ పూర్తిగా బిగిస్తే ఆకుపచ్చగా మారుతుంది. దాని పాత వెర్షన్లలో ఒక తలనొప్పి ఉండేది: అంచులకి అది పెట్టుకునే నంబర్లు కొలత మారినప్పుడల్లా మారిపోయి, ఒక అంచు మీద వేసిన ఫిల్లెట్ వేరే అంచు మీదికి ఎగిరేది. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో దాన్ని చాలావరకు సరిచేశారు, కాబట్టి దానికంటే పాతది వేసుకోవద్దు.

---

మెక్_రెండోఏడు:
ఈ రోజు ల్యాబ్‌లో మళ్ళీ మొదటి నుంచి చేశాను. మేడంని అడిగితే బెడ్ హోల్స్ 120 ఫిక్స్ అన్నారు, అలాగే కట్టాను. 180 చేసినా, 140 చేసినా ఏమీ విరగలేదు. మేడం 125 కొట్టి "ఇప్పుడు ఎందుకు ఎర్రబడలేదు?" అని అడిగారు, చూస్తే హోల్ అంచు దాటి బయటికి వచ్చేసింది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఏమీ అనలేదు 😅

రెండు కొత్త సందేహాలు. అసెంబ్లీ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే కాలేజీ లైబ్రరీ సిస్టమ్‌లో తెరవగానే పార్ట్‌లు కనబడట్లేదు అంటోంది. రెండోది, ఒక బెడ్ మీద రెండు హౌసింగ్‌లు పెట్టి మధ్యలో షాఫ్ట్ వెయ్యమన్నారు. ఒక హౌసింగ్ నాది, ఇంకోటి ఫ్రెండ్‌ది. మొదటి బోర్‌తో కాన్సెంట్రిక్ మేట్ (రెండిటి సెంటర్ గీతనీ ఒకటి చేసేది) పడింది, రెండోదానికి పెట్టగానే ఓవర్ డిఫైన్డ్ (బంధాలు ఒకదానితో ఒకటి పొసగట్లేదు) అని అరుస్తోంది.

---

ల్యాబ్_మేడం:
అసెంబ్లీ ఫైల్‌లో పార్ట్‌లు ఉండవమ్మా, అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఆ దారి మాత్రమే ఉంటుంది. ఫైల్ మెనూలో ప్యాక్ అండ్ గో వాడితే అన్నీ కలిపి ఒక జిప్‌గా ఇస్తుంది, అది తెచ్చుకో. మధ్యలో పార్ట్ ఫైల్ పేరు విండోస్‌లో మార్చినా ఇదే గొడవ. లైబ్రరీలో పాత వెర్షన్ ఉంటే కొత్తదాంట్లో సేవ్ చేసినవి మామూలుగా తెరుచుకోవు, అప్పుడు స్టెప్ ఫైల్‌గా (వేరే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లు కూడా చదివే ఫార్మాట్) ఇవ్వచ్చు. కానీ అందులో ఆకారం వస్తుంది, ఫీచర్ ట్రీ రాదు, కాబట్టి అసలు ఫైల్ దాచుకో.

---

టూల్‌రూమ్_బాలానగర్:
షాఫ్ట్ సంగతి నేను చెప్తా. గాల్లో ఉన్న పార్ట్‌కి ఆరు కదలికలు. కాన్సెంట్రిక్ మేట్ వేస్తే నాలుగు పోతాయి, తన చుట్టూ తాను తిరగడం, ముందుకీ వెనక్కీ జరగడం మిగులుతాయి. ఒక ముఖాన్ని షోల్డర్‌కి ఆనిస్తే జరగడం పోతుంది. తిరగడాన్ని వదిలెయ్, షాఫ్ట్ తిరగాలిగా, దాన్ని కూడా బిగిద్దామని మేట్ వెతక్కు. మొదటి హౌసింగ్‌తోనే షాఫ్ట్ గీత ఖాయమైపోయింది, రెండో బోర్ ఆ గీత మీద లేకపోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మీ ఫ్రెండ్ మోడల్‌లో సెంటర్ ఎత్తు ఎంతో చూడు.

---

మెక్_రెండోఏడు:
చూశాను అన్నా, వాడు 62 పెట్టాడు, బేస్ పై నుంచి కొలిచి 50 ఇచ్చాడట. 60 చేయించగానే పడింది.

---

ఆటోనగర్_లేత్:
కంప్యూటర్‌లో 60 కొట్టగానే పడుతుంది, షెడ్డులో అలా పడదు అమ్మాయ్. రెండు హౌసింగ్‌లు విడివిడిగా కొడితే ఎత్తుల్లో కాస్త తేడా ఉండనే ఉంటుంది. అందుకే వాటిని ఒకే బేస్ మీద బిగించి ఒకే సెట్టింగ్‌లో బోర్ చెయ్యమని డ్రాయింగ్‌లో నోట్ రాయి, లేకపోతే కింద షిమ్‌లు (పలచటి రేకులు) వేసుకుంటూ డయల్ గేజ్ పెట్టి సరిచూసుకోవాలి. 6204 వంకర షాఫ్ట్‌ని ఎక్కువ భరించదు, త్వరగా మోత మొదలవుతుంది. అంత ఓపిక లేదంటే 1204 అని సెల్ఫ్ అలైనింగ్ బేరింగ్ అడుగు, 6204 కంటే తక్కువ లోడ్ మోస్తుంది కానీ కొంచెం వంకరని తట్టుకుంటుంది. దాని కొలతలు కూడా 6204 లాగే లోపల 20, బయట 47, వెడల్పు 14 లే, నువ్వు చేసిన హౌసింగ్ మార్చక్కర్లేదు.